మూల నుంచి మూలకి

కొండబాబు తనని ముంచేశాడని మత్స్యలింగం పదకొండేళ్లుగా చెబుతున్నాడు. చెప్పని మనిషి లేడు. బస్ కాంప్లెక్స్ పక్క సందులో అతని టైలరింగ్ కొట్టుకి జాకెట్ ముక్క పట్టుకుని వచ్చిన ఆడవాళ్లు కూడా కొలతలు ఇచ్చేలోగా కొండబాబు సంగతి విని వెళ్లాల్సిందే.

కొండబాబు పరాయివాడు కాదు, భార్య లోవలక్ష్మికి సొంత అన్న. రావికమతం దగ్గర తన జీడితోటలో రెండెకరాలు బావకే అమ్మాడు. దస్తావేజులో ఉత్తరం, దక్షిణం మూడువందల ముప్ఫై అడుగులు, తూర్పు, పడమర రెండువందల అరవై నాలుగు అని రాయించాడు. తనే తాడు పట్టి కొలిచి, నాలుగు మూలలా రాళ్లు పాతించాడు. మొదటి పంట చేతికొచ్చిన ఏడే మత్స్యలింగానికి అనుమానం తగిలింది. రెండెకరాల్లో ఉండాల్సినన్ని చెట్లు లేవు. రావాల్సినన్ని జీడిపిక్కలూ రావడం లేదు. భూమి తగ్గిందన్నాడు. ఊరి పెద్దలు వచ్చి కొలిచారు. నాలుగు వైపులా అంగుళం తేడా లేదు. మరోసారి కొలిపించాడు. మళ్లీ అంతే. పోనీ తోట లోపల్నుంచి అడ్డంగా కొలుద్దామా అంటే, జీడికొమ్మలు నేల మీద పాక్కుంటూ పోయి మేకలే వంగి దూరాల్సిన తోట. అందులో టేపు ఎలా లాగుతారు?

అక్కడితో లోకం తీర్పు చెప్పేసింది. మత్స్యలింగానిది ఉత్త కుళ్లు. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చుంటే చాలు, ఎదర విస్తరి వాడు సాంబారు కలుపుకుంటూ, "మావా, నీ తోట దొరికిందేటి?" అనేవాడు. లోవలక్ష్మి అయితే, మా అన్నయ్య తాడు మీద ఒట్టేసి చెబుతాను, ఒక్క అడుగు తగ్గించలేదు అనేది. భూమి తిరిగి రావాలన్న ఆశ అతనికి ఎప్పుడో పోయింది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి, 'అవును, పోయింది' అంటే చాలు. అది మాత్రం ఎవరూ అనలేదు. ఎలా పోయిందో చెప్పమంటే అతనికీ చెప్పడం రాదు. ఏడో తరగతితో బడి మానేసి మిషన్ తొక్కడానికి వచ్చినవాడు. చేతికి తెలిసింది నోటికి రాదు.

ఇక కూతురికి మోనిటరు కొన్న సంగతి.

కూతురు గౌతమి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లమో చేసి, ఇంట్లోనే కూర్చుని విశాఖపట్నంలో ఒక ఇంజినీరు ఆఫీసుకి ఇళ్ల ప్లాన్లు గీస్తోంది. ఉన్నది ఒక చిన్న లాప్‌టాప్. ప్లాన్ మొత్తం కనపడేలా పెడితే కొలతలు చీమల బారుల్లా ఉంటాయి. పెద్దది చేస్తే వంటిల్లు కనపడినప్పుడు హాలు కనపడదు. కిందటి నెల అలాగే గీసి, బాత్రూము తలుపు మెట్ల మీదకి తెరుచుకునేలా పంపింది. ఇంజినీరు గారు కోప్పడలేదు, నవ్వారు. ఆ నవ్వుకి పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పెద్ద మోనిటరు కొనుక్కోమని ఆయనే చెప్పారట. మెడ వంగిపోతోందని తల్లి కూడా గోల పెట్టింది. మత్స్యలింగం బయల్దేరాడు. కొట్టువాళ్లు మోసం చెయ్యకుండా ఉండరని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో ఏ కొట్టుకీ మినహాయింపు లేదు, తన కొట్టు తప్ప.

మెయిన్ రోడ్డు మీద, మేడ మీద ఉంది జగదీశ్వరరావు కంప్యూటర్ల కొట్టు. రండి మాస్టారూ అని మర్యాదగా కుర్చీలు వేయించాడు. గోడ బారునా తెరలు వెలుగుతున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో రంగు చేప ఈదుతోంది. వాటిలో బారుగా, కొంచెం వంపు తిరిగి ఉన్నదాన్ని చూపించి, ఇదే తీసుకోమన్నాడు. పక్కనున్నది ఇరవైయేడు అంగుళాలు, ఇది ఇరవైతొమ్మిది, పనిచేసుకునే పిల్ల కదా, పెద్దదే ఉండాలి అన్నాడు. మూడువేలు ఎక్కువ. గౌతమి కాయితం తీసి ఇంజినీరు గారు రాయించినవి చూసుకుంటోంది. ఇంజినీరు గారు సైజు రాయలేదు, తెర ఎత్తు బాగుండాలని మాత్రం రాశారు.

మత్స్యలింగం మెడలోంచి టేపు తీశాడు. అది అతని మెడలో ఉందని అతనికే తెలీదు, అలా వచ్చేశాడు. చూపుడు వేలు కొస మీద టేపు మొన పెట్టి, జాకెట్‌కి భుజం కొలిచినట్టు తెర వెడల్పు కొలిచాడు. ఇరవైయారూ ముప్పావు. ఎత్తు కొలిచాడు. పదకొండుంపావు. ఇంకోసారి కొలిచాడు.

"ఇందులో ఇరవైతొమ్మిది ఎక్కడుంది బాబూ?"

"మూల నుంచి మూలకండి. కంపెనీలన్నీ అలాగే కొలుస్తాయి," అన్నాడు జగదీశ్వరరావు.

"గుడ్డని మూల నుంచి మూలకి కొలిసి అమ్మితే నన్నీ ఊళ్లో ఉండనిస్తారేటి?"

కొట్టులో ప్రింటరు ఇంకు కోసం వచ్చిన పెద్దాయన ఒకడు నవ్వేశాడు. మత్స్యలింగం నవ్వలేదు. అతనికి ఇది పరిహాసం కాదు. గుడ్డకి పన్నా, అదే వెడల్పు, ఎంతో తెలియకుండా మీటరు ధర చెప్పేవాడిని అతను జీవితంలో నమ్మలేదు. పన్నా, పొడుగు, రెండూ తెలిస్తేనే ఎంత గుడ్డ వస్తుందో తెలుస్తుంది. జేబులోంచి సుద్ద తీసి కౌంటరు అద్దం మీద లెక్క వేశాడు. ముప్పావులూ పావులూ అతనికి నీళ్లు తాగినంత పని, ముప్ఫై రెండేళ్లుగా అదే చేస్తున్నాడు. బారుది మూడువందల ఒకటి. తర్వాత ఇరవైయేడు అన్నదాన్ని కొలిచాడు. వెడల్పు ఇరవైమూడున్నర, ఎత్తు పదమూడుంపావు. మూడువందల పదకొండు.

చిన్నదనే దాంట్లో పది చదరపు అంగుళాల తెర ఎక్కువ. పైగా మూడువేలు తక్కువ.

జగదీశ్వరరావు కాలిక్యులేటర్ తీసి నొక్కి చూశాడు. చెరిపి మళ్లీ నొక్కాడు. ఇన్నాళ్లూ తనే మోసపోయినవాడిలా మొహం పెట్టాడు. చెడ్డవాడేమీ కాదు, కంపెనీవాళ్లు చెప్పింది కొనేవాళ్లకి చెబుతున్నాడు, అంతే. బారుది సినిమాలకీ ఆటలకీ బాగుంటుందని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. ఇక మత్స్యలింగానికి ఊపు వచ్చేసింది. గోడ మీదున్న ప్రతి తెరా కొలిచి, వరసగా సుద్దతో రాసుకుంటూ పోయాడు. ప్రింటరు ఇంకు ఆయన టేపు రెండో కొస పట్టుకున్నాడు. చాలా ఏళ్లకి మత్స్యలింగం ఈల వేశాడు. నాన్న ఈల వేయడం గౌతమి ఎప్పుడూ వినలేదు.

మిగతా పని గౌతమి చూసుకుంది. ఇరవైయేడుల్లో రెండు రకాలున్నాయి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ప్లాన్ రెండింట్లోనూ పెట్టి చూసింది. చవక దాంట్లో సన్న గీతలు మెట్లు మెట్లుగా విరిగి కనపడ్డాయి. రెండోదాంట్లో వెంట్రుక గీసినట్టు నిలబడ్డాయి. పక్క నుంచి చూసినా రంగు మారలేదు. మత్స్యలింగం దూరం జరిగి, దగ్గరకొచ్చి, కుట్టు చూసినట్టు చూసి, తల ఊపాడు. తర్వాత కూతురిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, బల్ల మీద నుంచి కంటి దాకా కొలత తీశాడు. పదిహేడున్నర. తెర పై అంచు అక్కడికి రావాలి, తెరని పైకి ఎత్తుకునే స్టాండు ఉన్నదే కావాలి అన్నాడు. మెడ మనిషిది కాబట్టి తెరే మనిషి దగ్గరకి రావాలట. జగదీశ్వరరావు స్టాండు ఎత్తి చూపించాడు, సరిగ్గా పదిహేడున్నర దగ్గర ఆగింది. ధరలో అయిదువందలు తగ్గించి, ఒక్కటి అడిగాడు. అద్దం మీద సుద్ద లెక్క చెరపకుండా వదిలేస్తారా అని. వచ్చినవాళ్లకి చూపించుకుంటాడట.

ఆటోలో అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చారు. లోవలక్ష్మి కుంకుమ పట్టుకొచ్చి తెర మీదే బొట్టు పెట్టబోతే గౌతమి చెయ్యి పట్టుకుంది. చివరికి స్టాండుకి పెట్టింది. తెర వెలిగింది. ప్లాన్ పెడితే వంటిల్లు, హాలు, మెట్లు, బాత్రూము తలుపు, అన్నీ ఒక్కచోట, చదువుకునేటంత పెద్దగా కనపడ్డాయి. గౌతమి వీపు కుర్చీకి ఆనించి కూర్చుంది. ఇదే కావాలి నాన్నా అంది.

వారంటీ ఉన్నన్నాళ్లు పెట్టె పారెయ్యకూడదని కొట్టులో చెప్పారు. అటక మీద చోటు లేదు. మత్స్యలింగం పెట్టె మడవడానికి కింద అట్టలూ పైన అట్టలూ విప్పేశాడు. ఇక మిగిలింది నాలుగు గోడలు. నేల మీద నిలబెట్టి ఒక పక్క నుంచి నెట్టాడు. అది వొరిగింది. ఇంకా నెట్టాడు. బల్లపరుపుగా పడుకుంది.

మడిచిన పెట్టెని పైకెత్తబోయి ఆగిపోయాడు. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ సగం వొరగనిచ్చాడు. టేపు తీసి నాలుగు గోడలూ కొలిచాడు. నిలబెట్టి కొలిచాడు, వొరగబెట్టి కొలిచాడు. నాలుగు గోడలూ నాలుగు గోడల్లానే ఉన్నాయి. తర్వాత లోవలక్ష్మిని పిలిచాడు.

లెక్కలు ఆమెకి చెప్పలేదు. వంటింట్లోంచి ఇత్తడి బిందెలు తెమ్మన్నాడు. పెట్టె తిన్నగా నిలబెడితే లోపల రెండు బిందెలు హాయిగా పట్టాయి. ఒకటి తీసేసి, పెట్టెని వొరగబెట్టి, ఇప్పుడు పెట్టు అన్నాడు. రెండోది దిగలేదు. ఆమె వంచి చూసింది, తిప్పి చూసింది, పెట్టె పగిలేటట్టు నొక్కి చూసింది. దిగలేదు. టేపు ఆమె చేతికిచ్చి గోడలు నువ్వే కొలుచుకో అన్నాడు. ఆమె నాలుగూ కొలిచి, టేపు చుట్టి, బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అయితే అన్నయ్య తాడు సరిగ్గానే ఏసేడు," అంది చివరికి. "తోటే వొరిగిపోనాది."

మత్స్యలింగం ఆమె వైపే చూస్తున్నాడు.

"పోనాది," అంది లోవలక్ష్మి. "నువ్వన్నట్టు భూమి పోనాది."

అతను గబగబా లేచి వీధిలోకి వెళ్లి, పంపు తిప్పి మొహం కడుక్కుని వచ్చాడు. కాసేపటికి ఆ గదిలోంచి ఇద్దరి నవ్వులూ వినపడ్డాయి. మొదటి బిందె పెట్టెలో ఇరుక్కుపోయింది, అదీ సంగతి.

అన్నయ్యకి ఫోను చేసింది ఆమే. ఆదివారం పొద్దున్నే బేగి రమ్మంది, ఎందుకో చెప్పలేదు. నలుగురూ తోటకి వెళ్లారు. వొరిగిన పెట్టె చూశాకే గౌతమికీ సంగతి తట్టింది, తోట మధ్యలోంచి టేపు లాగనక్కర్లేదని ముందే చెప్పింది. మూల రాయి నుంచి ఒక గట్టు మీద ముప్ఫై అడుగులు, రెండో గట్టు మీద నలభై అడుగులు గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవాలి. మూల తిన్నగా ఉంటే యాభై వస్తుంది. ఆ మూలలో ఒక్క చెట్టే అడ్డం, దాని కొమ్మలు కొండబాబు తనే పైకెత్తి పట్టుకున్నాడు. టేపు రెండో కొస కూడా తనే పట్టుకుంటానన్నాడు. బావ మళ్లీ నవ్వులపాలు అవుతాడని అతని ధీమా.

యాభై రాలేదు. యాభైఆరు అడుగుల నాలుగు అంగుళాలు వచ్చింది. కొండబాబు టేపుని అటూ ఇటూ గుంజి చూశాడు. అదే అంకె.

ఇంటికి వచ్చి కొత్త మోనిటరు ముందు నిలబడ్డారు. గౌతమి తోట గీసింది. దస్తావేజులో ఉండాల్సినట్టు పచ్చగీత, నేల మీద ఉన్నట్టు ఎర్రగీత. ఏ మూలా తెర దాటిపోలేదు, ఏ అంకే చిన్నదైపోలేదు. పచ్చది తిన్నగా కూర్చుంది. ఎర్రది తోట పక్కన పారే గెడ్డ వైపు వొరిగి, పైన ఒక పట్టీ ఖాళీగా వదిలేసింది. ఆ పట్టీ ఆనుకుని ఉన్నది కొండబాబు మిగతా తోట. కొండబాబు దగ్గరకొచ్చి చూశాడు, గోడ దాకా వెనక్కి వెళ్లి చూశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నేను కొలిసినప్పుడు నాలుగేపులా సరిపోనాది బావా. నాకు మాత్రం ఇదంతా తెలుస్తాదేటి? నాది ఆరో క్లాసు."

"నాది ఏడు," అన్నాడు మత్స్యలింగం.

లోవలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. కొండబాబు కూడా నవ్వాడు, నవ్వుతూనే తల దించుకున్నాడు. భూమి వెనక్కి కొలిచి ఇచ్చేస్తానన్నాడు. మత్స్యలింగం అది తర్వాత చూద్దామన్నాడు. ముందు వచ్చే నెల పెళ్లిలో, పంక్తిలో అందరూ కూర్చున్నాక, ఎవడైనా తోట దొరికిందా అని అడిగితే, సమాధానం నువ్వే చెప్పాలి అన్నాడు. చెబుతానన్నాడు కొండబాబు. ఎంతని చెప్పాలి అని అడిగాడు.

గౌతమి ఎర్రగీతకీ పచ్చగీతకీ మధ్య నొక్కింది. అంకె వచ్చింది. మత్స్యలింగం దాన్ని పైకి చదవమన్నాడు. వీధి గుమ్మం దాకా వినపడేలా ఇంకోసారి చదవమన్నాడు. ఆ అమ్మాయి నవ్వుకుంటూ చదివింది: మూడువేల అయిదువందల చదరపు అడుగులు. అంటే ఎనిమిది సెంట్లు, ఆ పైన పదిహేను చదరపు అడుగులు.