ఐదో సీటు

ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపినవాడికి ఒక ఫారం నింపడం ఏపాటి పని అనుకున్నాడు డ్రైవరు. రిటైరై ఆరు నెలలైనా వీధిలో అందరికీ ఆయన ఇంకా డ్రైవరు గారే. ఈమధ్యే ఒక పాత కారు కొన్నాడు. నాలుగేళ్ల బండి, బూడిద రంగు. దాని ఇన్సూరెన్సు గడువు అమ్మినాయన దగ్గరే తీరిపోయింది. కొత్తది చేయించడానికి సోమవారం పొద్దున్నే ఇన్సూరెన్సు ఆఫీసు మెట్లెక్కాడు.

"నేను నింపిపెడతాను, అలా కూర్చోండి," అంది కౌంటర్లో ఉన్నామె.

"మీకెందుకమ్మా శ్రమ. రోజుకు రెండు ట్రిప్పు షీట్లు రాసిన చెయ్యి ఇది," అని ఆమె చేతిలోంచి ఫారం అందుకున్నాడు.

డిపోలో నేర్పినట్టు గడికో అంకె, గడికో అక్షరం పెట్టుకుంటూ పోయాడు. ఎక్కడా కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. తల తిప్పి చూస్తే తన వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె ఫారం, కారు కార్డు తీసుకుని, ఫారంలో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించింది.

మంగళవారం సాయంత్రానికి పాలసీ కాగితం ఇంటికి వచ్చింది. కాఫీ తాగుతూ దాన్ని భార్య చేతికిచ్చాడు.

ఆమె బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఫైనల్ చెకింగులో పనిచేసింది. చొక్కా చేతికొస్తే ముందు తిరగేసి లోపలి కుట్టు చూడటం అలవాటు. కాగితాన్నీ అలాగే తిరగేసి, వెనక వైపు నుంచి మొదలుపెట్టింది. వెనకదంతా చదివాక ముందుకు వచ్చింది.

"ఏవండీ, మన కారులో ఎంతమంది కూర్చోవచ్చు?"

"నలుగురు."

"ఎలాగో చెప్పండి."

"ముందు ఒకరు, వెనక ముగ్గురు."

"మరి నడిపేదెవరు?"

"నేనే."

"మీరు నిలబడి నడుపుతారా?"

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. బస్సులో తలుపు పైన ఎర్రరంగుతో రాసి ఉండే అంకెలో డ్రైవరు ఉండడు, కండక్టరూ ఉండడు. నలభై ఎనిమిది అంటే ఎక్కినవాళ్లు నలభై ఎనిమిది మంది. ఆ లెక్కలో తాను లేడన్న సంగతి ఇన్నేళ్లలో ఆయనకు ఒక్కసారీ తట్టలేదు.

"ఇదొక్కటేనా!" అంది భార్య. "వాడకం దగ్గర చూడండి, ప్రయాణికుల రవాణా అని ఉంది. మా అక్కకు టికెట్టు కొడతారా ఏం?"

"సరుకులు మోసే బండి కాదు కదే. మనుషులు ఎక్కుతారు కాబట్టి అలా పెట్టాను."

"సొంత వాడకం అని పక్కనే ఉండి ఉంటుందిగా?"

"ఉంది. డిపోలో సొంత వాడకం అంటే మేనేజరు జీపు."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన ముందు పెట్టింది. "దారాలు వేలాడే చొక్కాను ఏనాడూ గేటు దాటనివ్వలేదు నేను. ఈ కాగితం పట్టుకుని మా అక్కను మీ బండి ఎక్కించను. శుక్రవారం లోపల సరిచేయించుకు రండి."

శుక్రవారం ఆమె అక్కను ఆసుపత్రి నుంచి పంపిస్తున్నారు. తుంటికి ఆపరేషను అయింది. ఊరికి ఆ చివర ఆసుపత్రి, ఈ చివర ఇల్లు. బస్సు ఎక్కలేదు, ఆటోలో కుదుపులు తట్టుకోలేదు. కారు కొన్నదే అందుకోసం. "వదినా, ఆసుపత్రి గడప దాటితే మీరు అడుగు పెట్టేది మా కారులోనే," అని డ్రైవరు ఆపరేషనుకు ముందే మాటిచ్చాడు. ఆ మాట వార్డులో అటూ ఇటూ ఉన్న మంచాలవాళ్లు కూడా విన్నారు.

బుధవారం ఆఫీసు తలుపులు తీసేసరికే అక్కడున్నాడు. కౌంటర్లో ఆమె పాలసీ చూసి, కారు రిజిస్ట్రేషను కార్డు చూసింది. కార్డులో ఐదు సీట్లు, సొంత వాడకం. రెండింటినీ పక్కపక్కన పెట్టింది.

"దారిలో ఏదైనా జరిగితే దీంతో పనవుతుందా అమ్మా?"

"అవదండి. ఇలా కార్డులో ఒకటి, పాలసీలో ఒకటి ఉంటే మొదటి పేజీ దగ్గరే క్లెయిమును పక్కన పడేస్తారు."

ఆమె రెండు కాగితాలూ పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. తలుపు ఓరగా ఉండటంతో మాటలు బయటికి వినబడుతూనే ఉన్నాయి. "కార్డు ముందు పెట్టుకుని కూడా చూడకపోతే ఎలా? మూడు నెలల కాంట్రాక్టు ఈ నెలాఖరుకే కదా నీది?" అది మేనేజరు గొంతు. తర్వాత డ్రైవరును లోపలికి పిలిచారు.

మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు. "ఎప్పటికి కావాలి సార్ మీకు?"

"శుక్రవారం పొద్దుటికండి. మా వదినను తీసుకురావాలి."

"అయితే సులువు దారి ఒకటుంది. టైపు చేయడంలో ఆఫీసువాళ్లదే పొరపాటని ఒక్క ముక్క రాసివ్వండి. మా తప్పయితే ఇక్కడికిక్కడే సరిచేయొచ్చు. సాయంత్రానికి కాగితం మీ చేతిలో పెడతాను. అదే మీరు ఫారంలో తప్పు రాశారనుకోండి, బండిని మళ్లీ తనిఖీ చేయాలి, పైకి పంపాలి. ఎటు చూసినా వచ్చే బుధవారం."

"ఫారం నేను రాసిందే కదండీ."

"ఫారాన్ని ఎవరు తిరగేస్తారు సార్? మీ ఉత్తరమే చూస్తారు."

తెల్లకాగితం ఇచ్చాడు. డ్రైవరు దాన్ని పట్టుకుని బయట బల్ల మీద కూర్చున్నాడు. ఒక్క ముక్క. సాయంత్రానికి కాగితం, ఎల్లుండి వదిన ముందు సీట్లో. మాట నిలబడుతుంది. ఎదురుగా కౌంటర్లో ఆమె ఇంకెవరికో రసీదు కొడుతోంది. ఆయనవైపు చూడలేదు.

పదిహేనేళ్ల కిందట బ్రేకు సరిగా పడటం లేదని ఆయన రిజిస్టర్లో రాసి పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. బండి వెళ్లి డిపో గోడకు తగిలింది. మెకానిక్కు నెత్తి మీదికి రాకుండా ఎవరో ఒక్క ముక్క రాశారు, డ్రైవరు అజాగ్రత్త అని. ఎర్ర సిరాతో. రిటైరైన రోజున ఫైలు తెరిస్తే ఆ ముక్క అలాగే ఉంది.

పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టాడు. ఫారం నింపింది నేను. సీట్ల లెక్కలో నన్ను కలుపుకోలేదు. బండి మనుషుల్ని మోస్తుంది కాబట్టి ప్రయాణికుల రవాణా అని గుర్తు పెట్టాను. ఆఫీసులో ఆమె నింపుతానంటే నేనే వద్దన్నాను.

మేనేజరు చదివి, కళ్లజోడు తీశాడు. "శుక్రవారం అన్నారు మరి?"

"అన్నానండి."

"మీ ఇష్టం," అని సంతకం చేశాడు.

ఉత్తరం అందినట్టు ముద్ర వేసి నకలు ఇస్తూ కౌంటర్లో ఆమె గొంతు తగ్గించి అంది, "నేనూ కార్డు చూడలేదండి."

"చూసుంటే బాగుండేదమ్మా," అన్నాడు డ్రైవరు, నకలు జేబులో పెట్టుకుంటూ.

ఇంట్లో చెప్పినప్పుడు భార్య నకలును రెండు వైపులా చదివింది. వెనక వైపు ఏమీ లేదు. "ముక్కూ మొహం తెలియని ఆవిడ ఉద్యోగం కోసం మా అక్కను నడిరోడ్డు మీద నిలబెట్టారన్నమాట," అంది. "రాసింది మాత్రం శుభ్రంగా ఉంది," అని అక్కకు ఫోను చేసింది.

"అక్కా, మీ మరిది గారి బండి బుధవారం దాకా కదలదు. లెక్కలో ఆయన్ని ఆయనే మరిచిపోయారట."

ఫోనులోంచి పెద్దగా నవ్వు వినబడింది. "ఎవరి బండో నా తుంటికేం తెలుస్తుందే? అద్దె కారు మాట్లాడండి. మరిదిని మాత్రం రమ్మను. వార్డులో నన్ను కాల్చుకు తింటున్నారు, ఎవరమ్మా ఆ డ్రైవరు మరిది అని."

శుక్రవారం అద్దె కారు వచ్చింది. డాక్టరు చెప్పినట్టు ముందు సీటు వెనక్కి వాల్చి వదినను పడుకోబెట్టారు. వెనక భార్య ఒక వైపు, డ్రైవరు ఒక వైపు. కారు వెనక సీట్లో కూర్చుని ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు. ముందు బండి ఆగినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను గట్టిగా నొక్కుతోంది.

కారు నడిపే సన్నటాయన అద్దంలోంచి చూశాడు. "లారీయా సార్, బస్సా?"

"బస్సు."

"ఎన్నేళ్లు?"

"ముప్ఫై రెండు."

"అనుకున్నా. నా బండి అడుగు చిల్లు పడేట్టుంది."

"నవ్వించకండయ్యా, కుట్లున్నాయి నాకు!" అంది వదిన, అప్పటికే నవ్వుతూ.

"మా బావగారు ఉండుంటే ఈపాటికి దిగి నడిచేవారు," అంది భార్య. "ఈయన నయం, కూర్చునే ఉన్నారు."

తర్వాతి సిగ్నల్ కాస్త దూరంగా ఉండగానే సన్నటాయన మెల్లగా బ్రేకు వేశాడు. డ్రైవరు కాలు వెనక్కి తీసుకున్నాడు. ఈ రోడ్డు మీద రోజుకు నాలుగుసార్లు తిరిగిన మనిషి, ఎప్పుడూ ఎదురుగా చూడటమే. కిటికీలోంచి పక్కకు చూశాడు. ఒక మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు.