నోరు మూసిన నాలుగు నిమిషాలు

నేను ఒక మానిటర్‌ని. బెంగళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు అన్నిటికంటే ముందు నా గొంతు పరీక్షించారు. అరవగలనని తేలాకే బయటికి పంపారు. పంపింది ఎక్కడికి? అరిస్తే విసుక్కునే మనుషుల మధ్యకి. గుంటూరులో ఒక ఆసుపత్రి ఐసీయూలో రెండేళ్లు చాకిరీ చేశాక, అక్కడే గుండె ఆపరేషన్ థియేటర్‌కి మార్చారు.

అక్కడ నేను డాక్టర్ వకుళ చేతికింద పడ్డాను. ఆవిడ మత్తు డాక్టరు. మత్తు డాక్టరంటే సూది పొడిచి, నిద్రపుచ్చి వెళ్లిపోయే మనిషని జనం అనుకుంటారు. వెళ్లిపోవడం దేవుడెరుగు, ఆవిడకి మంచినీళ్లు తాగే తీరికే ఉండదు. సర్జన్ గుండె మీద పని చేస్తుంటే, మిగతా మనిషినంతా కనిపెట్టుకుని ఉండేది ఆవిడే.

గుండెను ఆపి, రక్తాన్ని పంపుతో తిప్పుతున్నంతసేపూ నాకు నాడి అందదు. అందకపోతే అరవడం నా ఉద్యోగం. అందుకని "దాని నోరు మూయండి" అంటారు, ఒక బటన్ నొక్కుతారు. సరే, మూశారు. గుండె మళ్లీ కొట్టుకున్నాక తెరవాలి కదా? మరిచిపోతారు. ఇంతింత చదువులు చదివినవాళ్లు! నాకు ఒళ్లు మండేది.

వకుళకీ మండింది. దీనిమీదే పరిశోధన మొదలుపెట్టింది. ఏ ఆపరేషన్‌లో, ఎవరు, ఎన్ని నిమిషాలు మరిచారో రెండేళ్లపాటు రాసింది. దొరికిన జూనియర్లను కడిగేసేది. తన పేరు ఎదురుగా మాత్రం సున్నా.

ఆ రోజు బల్లమీద చిలకలూరిపేట దర్జీ ఏసురత్నం ఉన్నాడు. వాల్వు మార్చారు, గుండె కొట్టుకుంది, పంపు ఆపారు. వకుళ నాకు వీపు పెట్టి, కొత్త వాల్వు సరిగ్గా మూసుకుంటోందా అని ఇంకో తెరమీద చూస్తోంది. నా నోరు తెరవలేదు. ప్రెషరు తొంభై. డెబ్బై. యాభై రెండు. ఎర్రగా వెలిగాను, ఎవరు చూస్తారు?

పంపు నడిపే మస్తాన్ వలీ గొట్టాలు విప్పుతూ తలెత్తాడు. "మేడమ్, ప్రెషరు చూడండి."

ఆవిడ గబగబా మందు ఎక్కించింది. ఏసురత్నం గట్టెక్కాడు. తర్వాత ఆవిడ నేను దాచి ఉంచిన పాత అంకెలు వెనక్కి తిప్పి చూసింది. నాలుగు నిమిషాలు.

"మనిషి బాగానే ఉన్నాడు కదండీ. రాయకపోతే ఏమవుద్ది?" అన్నాడు మస్తాన్.

"అందరివీ రాశాను కదా, మస్తాన్ గారూ."

సున్నా కొట్టేసి, ఒకటి వేసింది. పక్కన నాలుగు నిమిషాలని రాసింది.

ఆసుపత్రి మీటింగులో ఆ లెక్కలు చదివితే సర్జన్లు నవ్వారట. మీరే మరిచిపోతే ఇంకెవరికి గుర్తుంటుంది అన్నారట. "నేను చెప్పేదీ అదే" అందట వకుళ. ఆరు నెలల్లో కొత్త మానిటర్లు దిగాయి. నాడి దొరకగానే వాటి నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నన్ను స్టోర్‌రూంలో విరిగిన స్ట్రెచర్ల పక్కన పడేశారు.

పడేసినందుకు కాదు నా బాధ. ఏసురత్నం జారిపోతుంటే ఆ నాలుగు నిమిషాలూ నేను చూస్తూ కూర్చున్నాను. వకుళ తన తప్పు రాసేసి తేలికపడింది. నేను ఎక్కడ రాసుకోను?