పది నిమిషాల ఎండ

గిరిజమ్మ ముంజేతి మీది తెల్లమచ్చ రూపాయి బిళ్ళంత ఉన్నన్నాళ్లూ అత్త సుంకులమ్మ పట్టించుకోలేదు. అది మోచేయి దాటాక మాత్రం కోడలిని ఎండలోకి రానివ్వడం మానేసింది. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో నలభై ఏళ్లు నూలుకు రంగు వేసిన మనిషి ఆమె. రంగు నూలు నీడలోనే ఆరాలి, ఎండ తగిలితే వెలిసిపోతుంది. మనిషి చర్మానికీ అదే లెక్క అనుకుంది. ప్రేమతోనే అనుకుంది గానీ, ఆ ప్రేమ గిరిజమ్మకు జైలైంది.

అన్నిటికన్నా కడుపు మండించింది పడుగు పని పోవడం. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు పోగులు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. కుంచె పట్టడంలో గిరిజమ్మకు ఆ వీధిలో సాటి లేరు. ఇప్పుడు తన బదులు కుంచె పట్టిన పక్కింటివాళ్లు పోగులు తెంపుతుంటే కిటికీలోంచి చూస్తూ పళ్లు కొరుక్కునేది.

ఎనభై మూడులో దసరా వెళ్లాక భర్త మార్కండేయులును లాక్కుని ఆదోని బస్సెక్కింది. అక్కడి చర్మం డాక్టరమ్మ చేయి తిప్పి చూసింది.

"ఇది బొల్లి, కుష్టు కాదు, అంటదు. ఒంటికి కాపలా కాసే కణాలే దారితప్పి, రంగు చేసే కణాలను శత్రువులనుకుని కొడుతున్నాయి. రోజు మార్చి రోజు ఈ మాత్ర వేసుకో. రెండు గంటలాగి మచ్చకు ఎండ చూపించు. కంటికి కనబడని ఎండ కిరణాలు ఆ కాపలావాళ్లను నెమ్మదింపజేస్తాయి. పది నిమిషాలు మించితే బొబ్బలే. కళ్లకు నల్లద్దాలు మరవొద్దు."

మర్నాడు సుంకులమ్మ గడపకు అడ్డం నిలబడింది. "యాడికి పోతాండావు?"

"ఎండకు."

"ఉన్న రంగూ ఎలిసిపోతాది. నా మాట ఇను."

"నేను నూలు కాదత్తా. నాకు రంగు పైనుంచి ఎవురూ ఎయ్యలేదు, లోపలే పుడతాది."

అత్తను తప్పించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, వీధి నడుమ చేయి చాపి నిలబడింది. ఎదురింటావిడ బిడ్డను లోపలికి లాక్కుంటే గిరిజమ్మకు ఒళ్లు మండింది. "బాగా సూడండి, అంటేది కాదు," అంది. కొంగు మాత్రం కప్పుకోలేదు.

ఒకనాడు పంతానికి పోయి అరగంట నిలబడింది. చేయంతా బొబ్బలెక్కింది. "సెప్తే విన్నావా?" అంది అత్త. "తప్పు ఎండది కాదు, నాది," అని గిరిజమ్మ బొబ్బలు మానేదాకా ఆగి, మళ్లీ వీధిలోకే వెళ్లింది.

మూడో నెలకు తెల్లటి చోట ఒక్కో వెంట్రుక మొదలు దగ్గర పెసరగింజంత రంగు చుక్కలు తేలాయి. సుంకులమ్మ ఆ చేతిని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. నలభై ఏళ్ల తన అనుభవం ఈ ఒక్క చోట పనికిరాలేదని ఆమెకు అర్థమైంది.

ఆ వారం పడుగు సాగదీసిన పూట తానే కోడలిని పిలిచింది. "రామ్మా, కుంచె పట్టు. రంగు తేలింది కదా, ఇంకెవురేమంటారు?"

గిరిజమ్మ గడప దిగలేదు. "రంగు తేలిందని పిలిస్తే రానత్తా. రేపు మళ్లా తెల్లబడితే మళ్లా లోపలికి పొమ్మంటావు."

వీధిలో ఇంకో పోగు తెగింది. సుంకులమ్మ అటు చూసింది, ఇటు చూసింది.

"నీ మాదిరి ఈడ ఎవురూ పట్టలేరు," అంది చివరికి. "అందుకే పిలుస్తాండా."

గిరిజమ్మ మచ్చంతా కనబడేలా రవిక చేయి పైకి మడిచి వీధిలోకి దిగింది.