ఒడి కట్టిన చోటు

2006 మార్చి రెండో వారం, మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకు చెంచురామయ్య ట్రాక్టరు వైరాకు ఇవతల రోడ్డు పక్క సంత దగ్గర ఆగింది. ట్రాలీలోని ఆడవాళ్లందరూ దిగి సంతలోకి వెళ్లారు.

వాళ్లది మిర్చి ఏరే ముఠా. ఊరు కారేపల్లి దాటాక, అడవి అంచున ఉంటుంది. ముఠాకు పెద్ద ముత్తక్క. చెంచురామయ్య తోట వైరా అవతల, కల్లూరు దారిలో ఉంది. ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూమి కొన్నాడు. కాయ పండాక చెంచురామయ్య రోజూ ట్రాక్టరు పంపి ముఠాను రప్పిస్తాడు, సాయంత్రం మళ్లీ ఊళ్లో దింపిస్తాడు. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర.

ట్రాక్టరు నడిపే లాలు సీటు మీది నుంచే అరిచాడు.

"అక్కా, ఏంది గిది? తొమ్మిదింటికల్లా తోటల ఉండాలన్నడు అయ్య."

"తొమ్మిదింటికెళ్లి అయ్య పొద్దు. ఇప్పుడు నడిచేది ఎవరి పొద్దు?" అంది ముత్తక్క.

"నాకేమెరుక?"

"మా పొద్దురా తమ్మీ. ఉల్లిగడ్డలు కొనుక్కొని వస్తం. నువ్వు చాయ తాగు."

మిర్చి ఏరేవాళ్లు చేను గట్టు మీద నిలబడి పాత చీర ముక్కను నడుముకు కట్టుకుంటారు. ముందు వైపు సంచిలా వేలాడే ఆ గుడ్డను ఒడి అంటారు. కోసిన కాయ అందులో వేస్తారు. ఒడి కట్టడంతో కూలి పొద్దు మొదలవుతుంది, విప్పడంతో ముగుస్తుంది. ఆ మాట రైతులూ ముఠాలూ ఇద్దరూ ఒప్పుకున్నదే. పక్క వాడల నుంచి నడిచివచ్చి ఏరిన రోజుల్లో పెట్టుకున్న పద్ధతి అది. ట్రాక్టర్లు అడవి అంచు దాకా వెళ్లడం మొదలయ్యాక కూడా అదే నడిచింది.

ఒడి కట్టకముందు కూడా పని ఉంటుంది. తెల్లవారకముందే లేచి వండాలి, మధ్యాహ్నానికి సద్ది కట్టుకోవాలి. ఘాటుకు చేతులు మండకుండా నూనె రాసుకోవాలి. పాత చొక్కాల చేతులు కత్తిరించి మోచేతుల దాకా తొడుక్కోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. నూనె, తొడుగులు, గుడ్డ ట్రాలీలోనే అయిపోతాయి. గట్టు మీద దిగేసరికి ఒడి కట్టడం ఒక్కటే మిగులుతుంది.

అంతకు ముందు గురువారం ట్రాలీ టైరు పంచరైంది. ముఠా రోడ్డు పక్కన కూర్చుంది. తోట చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం చెంచురామయ్య సగం కూలి ఇచ్చాడు. ఒడి కట్టింది మధ్యాహ్నం కదా అన్నాడు. ముత్తక్క వాదించలేదు. డబ్బు తీసుకుని పంచింది. మర్నాడు మామూలుగానే ముఠాను తీసుకొచ్చింది.

సోమవారం సాయంత్రం ఇంటికి వెళ్తూ ట్రాలీలో ఆ మాట ఎత్తింది.

"గురువారం రోడ్డు మీద కూసున్న పొద్దు ఎవరిదే?"

"నాదైతే ఇంట్ల పండుకుందును గద," అంది సోమ్లి.

"అయ్యదైతే కూలి ఇచ్చును గద," అంది ముత్తక్క.

"మరి ఎవరిదక్కా? టైరుదా?"

ట్రాలీ అంతా నవ్వింది. ముత్తక్క కూడా నవ్వింది.

"అయ్య తనది కాదన్నడు. అయితే మనదే. రేపటికెళ్లి మనదే అనుకొని నడుద్దాం. సంత కాడ దిగుదాం."

ఆరోగ్యమ్మ అనే ఆమె నవ్వలేదు. ఆమె భర్త మంచాన ఉన్నాడు, ఇంటికి వచ్చేది ఆమె కూలి ఒక్కటే. "కల్లూరు దిక్కు ముఠాను పిలుచుకుంటే ఏం జేస్తం? గీ యేటికి మన పని అయిపోయినట్టే," అంది.

"పిలిస్తే నా పేరు చెప్పున్రి. ముత్తక్క దిగమన్నది, మేం దిగినం అనున్రి. నన్ను బంద్ చేస్తడు, మిమ్ముల పెట్టుకుంటడు."

"నిన్ను బంద్ చేస్తే నువ్వేం తింటవే?"

"తునికాకు వచ్చేదాక ఓర్సుకుంట," అంది ముత్తక్క. అడవిలో ఆ బీడీ ఆకు కోత మొదలవడానికి ఇంకా నెల పైనే ఉంది. ఆ సంగతి ట్రాలీలో అందరికీ తెలుసు.

సంత దగ్గర లాలు చాయ తాగలేదు. హోటల్లో ఉన్న కాయిన్ ఫోన్ నుంచి చెంచురామయ్యకు చెప్పాడు. ఆయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. ముత్తక్క ఉల్లిగడ్డల కుప్ప ముందు కూర్చుని ఏరుతోంది.

"ఏంటి ముత్తక్కా ఇది? ఆకాశం చూశావా?"

"చూసిన అయ్యా. వాన వచ్చేటట్టే ఉంది."

"అక్కడ కల్లంలో కాయ ఆరబోసి ఉంది. చెట్ల మీద పండింది అట్లాగే ఉంది. నువ్వు ఉల్లిపాయలు కొంటున్నావా?"

"గింత అగ్గువకు మా దిక్కు దొరకవయ్యా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చెంచురామయ్య లాలు వైపు తిరిగాడు.

"ట్రాక్టరు ఆపమని నీకెవడు చెప్పాడురా?"

"నేనాపలే అయ్యా. వాళ్లే దునికిన్రు."

"అవ్ అయ్యా, బ్రేకు నేను తొక్కిన," అంది సోమ్లి.

"ట్రాక్టరు నాది, డీజిలు నాది. ఎక్కించుకుని తెస్తున్నా, దింపుతున్నా. ఇంకేం కావాలి మీకు?"

ముత్తక్క లేచి నిలబడింది. "ట్రాక్టరు నీదే అయ్యా. కాదన్నమా? పొద్దు ఎవరిదని అడుగుతున్న."

"ఒడి కట్టాక నాది. ఎప్పుడూ అంతేగా."

"అవ్. ఇంక కట్టలే గద." భుజం మీద మడిచి వేసుకున్న గుడ్డను చూపించింది.

"అయితే కట్టండి! ఇక్కడే కట్టండి!"

ముత్తక్క గుడ్డ తీయలేదు. "ఇక్కడ కడితే ఇక్కడికెళ్లే పొద్దు మొదలు. తొవ్వల టైరు పోయినా, ఇంజను పోయినా అది నీ పొద్దే. సాయంత్రం గీడికొచ్చినంకనే విప్పుతం. రోజూ ఎన్నింటికి విప్పుతమో గన్నింటికే. సమ్మతమేనా?"

పొద్దు ఎప్పుడూ ఉన్నంతే ఉండి, దారిలోనే మొదలై దారిలోనే ముగిస్తే, చేలో పని ఆ మేరకు తగ్గుతుంది. చెంచురామయ్యకు ఆ లెక్క అర్థమైంది. ఆయన మరోసారి ఆకాశం చూశాడు. కల్లూరులో ఆ వారం ఖాళీగా ఉన్న ముఠా లేదు. ఆ సంగతి ఆయన అంతకు ముందే కనుక్కున్నాడు. ముత్తక్కకు అది తెలియదు.

"ఒప్పుకోండి సారూ," అంది ఉల్లిగడ్డలమ్మే ఆమె. "వీళ్లు ఇంకా కూసుంటే నా కుప్పంత ఏరుతరు."

"సరే. కట్టండి."

ఆడవాళ్లు సంతలో నిలబడి ఒడి కట్టారు.

"మరి రేపు?" అంది ముత్తక్క.

"రేపటి మాట రేపు చూద్దాం," అని ఆయన మోటారు సైకిల్ తీశాడు.

ఆ రోజు ముఠా సాళ్ల మధ్య తల ఎత్తకుండా ఏరింది. సాయంత్రం సంత లెక్క ప్రకారం ఎప్పటికంటే ముందే సాళ్లలోంచి బయటికి వచ్చింది. ఆడవాళ్లు ట్రాలీ ఎక్కారు. లాలు ఇంజను స్టార్టు చేశాడు. అప్పుడే గాలి లేచింది.

కల్లం నిండా కాయ ఆరబోసి ఉంది. చెంచురామయ్య, ఆయన భార్య పున్నమ్మ చెరో కొస పట్టుకుని టార్పాలిన్ లాగుతున్నారు. గాలికి అది చేతుల్లోంచి జారిపోతోంది. ఆయన ట్రాలీ వైపు చూశాడు, పిలవలేదు.

ముత్తక్క ట్రాలీలోంచి దిగింది. "దిగున్రి."

"మనం పోయే పొద్దు గదక్కా ఇది?" అంది సోమ్లి.

"పోయే పొద్దే. కానీ ఒడి విప్పినమా? సంత కాడిదాక ఇది అయ్య పొద్దు. అయ్య పొద్దుల అయ్య పని చెయ్యాలె. దిగు."

అందరూ దిగారు. కొందరు కాయను కుప్పలుగా ఎగదోశారు. కొందరు టార్పాలిన్లు కప్పారు. ఇంకొందరు అంచుల మీద రాళ్లు పెట్టారు. ముత్తక్క ఒక టార్పాలిన్ కొస మీద కూర్చుని లాలు రాయి తెచ్చేదాకా లేవలేదు. ఆఖరి కుప్ప కప్పుతుండగా చినుకులు మొదలయ్యాయి. కల్లం పడమటి అంచున కొంత కాయ తడిసింది. మిగిలింది తడవలేదు.

వాన కాస్త తగ్గేదాకా అందరూ మోటారు షెడ్డులో నిలబడ్డారు. పున్నమ్మ తువ్వాళ్లు తెచ్చి ఇచ్చింది.

"దీనికి విడిగా ఏమివ్వమంటావు ముత్తక్కా?"

"ఏమొద్దమ్మా. పొద్దు లోపలి పనే గద."

పున్నమ్మ భర్త వైపు తిరిగింది. "విన్నారా? పోయే దారి కూడా మన పొద్దేనంటోంది. మరి మొన్న గురువారం రోడ్డు మీద కూర్చుంది ఎవరి పొద్దండీ?"

చెంచురామయ్య తల తుడుచుకుంటూ వాన చూడడానికి షెడ్డు గుమ్మంలోకి వెళ్లాడు.

ట్రాలీ సంత దగ్గరికి వచ్చేసరికి దుకాణాలు ఎత్తేశారు. ముఠా అక్కడ ఒడి విప్పింది.

బుధవారం చేను తడిగా ఉంది, పని లేదు. గురువారం తెల్లవారుజామున లాలు ట్రాక్టరు తీయబోతూ ఆగాడు.

"అయ్యా, ఒడి యాడ కట్టాలని అడుగుతది అక్క. ఏం చెప్పాలె?"

"ఎక్కేచోట కట్టమను."

"విప్పుడో?"

"దిగేచోట." చెంచురామయ్య రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. "టైర్లు చూసుకుని వెళ్లు."

లాలు ఊరు చేరేసరికి ముఠా రోడ్డు మీద నిలబడి ఉంది. ఒడి గుడ్డలు అందరి భుజాల మీదా ఉన్నాయి. లాలు చెప్పింది విని ముత్తక్క గుడ్డ తీసి నడుముకు కట్టుకుంది. ఆమె తర్వాత ఆరోగ్యమ్మ కట్టుకుంది. తర్వాత మిగిలినవాళ్లు కట్టుకుని ట్రాలీ ఎక్కారు. చేతులకు నూనె దారిలో రాసుకున్నారు.

శనివారం సాయంత్రం ఆనాటి కూలి పున్నమ్మ ఇచ్చింది. దాంతో పాటు టైరు పంచరైన గురువారం మిగిలిపోయిన సగం కూడా ఉంది.

తర్వాతి మంగళవారం ట్రాక్టరు సంత మీదుగా వెళ్లింది. ఉల్లిగడ్డలమ్మే ఆమె చెయ్యి ఊపింది. "అయ్య పొద్దుల ఉన్నమే," అని ట్రాలీలోంచి సోమ్లి అరిచింది. ట్రాక్టరు ఆగలేదు.