కొయ్యగుర్రం మొక్కు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏ జట్టు గెలవాలో దేవుడు పట్టించుకుంటాడా? ఎనిమిదేళ్ళుగా జయరాజును ఈ సందేహం వదల్లేదు. మిషిగన్ రాష్ట్రం ట్రాయ్ ఊళ్ళోని తెలుగు క్రైస్తవ సంఘం పాస్టరు గారిని రెండుసార్లు అడిగాడు కూడా. మొదటిసారి ఆయన నవ్వి ఊరుకున్నారు. రెండోసారి, "ఆయన పట్టించుకుంటాడో లేదో గానీ జయరాజు గారూ, మొక్కుకున్నది మాత్రం మీరు. చెల్లించాల్సిందీ మీరే" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. మొక్కు చెల్లిద్దామంటే పుచ్చుకునేవాళ్ళు లేరు. ఉన్నదల్లా గుర్రం.

అది కొయ్యగుర్రం. పన్నెండడుగుల పొడుగు, నాలుగు చక్రాలు, లోపల ముగ్గురు మనుషులు పట్టేంత కడుపు. మెడ మడిస్తే తప్ప గరాజ్‌లో పట్టదు. దాని మూలంగా ఎనిమిది చలికాలాలు జయరాజు భార్య దెబోరా కారు బయటే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే ఆమె అద్దం మీది మంచు గీకుతూ గరాజ్ వైపు చూసే చూపుకి ఆ గుర్రానికి ప్రాణముంటే ఎప్పుడో పారిపోయి ఉండేది.

రెండు వేల పదిహేడు వేసవిలో మిషిగన్‌లో ఎవరో ఆరు ఊళ్ళ జట్లతో ఓ చిన్న ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు. పగలు వ్యాన్లు నడిపేవాళ్ళు, బళ్ళో డ్రిల్లు చెప్పేవాళ్ళు, కాలేజీలో ఆడి ఆ తర్వాత ఏ పెద్ద జట్టూ పిలవనివాళ్ళు చేరారు. ట్రాయ్ జట్టులో ఇరవై ఆరుగురు తేలారు. పేరు ట్రాయ్ వుడెన్ హార్సెస్. పాతకాలపు గ్రీకు కథలో ట్రాయ్ అనే నగరాన్ని ముంచిందే శత్రువులు కడుపులో దాక్కుని వచ్చిన కొయ్యగుర్రమని, ఆ పేరు శత్రువులు పెట్టుకోవాల్సిందే గానీ సొంత ఊరివాళ్ళు కాదని జట్టు యజమానికి ఎవరూ చెప్పలేదు.

ఆ జట్టులో బంతి తన్నేవాడు ఇమ్మాన్యుయేల్. అప్పటికి ఇరవై నాలుగేళ్ళవాడు, సంఘంలో కీబోర్డు వాయించేవాడు. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక జయరాజును పట్టుకున్నాడు.

"అంకుల్, మా కోచ్‌కి ఒక హార్స్ కావాలి."

"నన్ను అడుగుతావేంట్రా? నర్సాపురంలో మాకు గేదెలుండేవి గానీ గుర్రాల్లేవు."

"వుడ్‌ది, అంకుల్. వీల్స్ ఉండాలి. గేమ్ ముందు లోపల్నుంచి ముగ్గురం జంప్ చేసి వస్తాం. మీరు ఇంజనీర్ కదా, డోర్లు చేస్తారు కదా!"

నిజమే. జయరాజు ఉద్యోగం కార్ల తలుపుల గొళ్ళాల నమూనాలు గీయడం. నాలుగు శనివారాలు కూర్చుని గుర్రాన్ని తయారుచేశాడు. దాని కడుపుకి పెట్టిన తలుపు చేత్తో తొయ్యకుండానే టక్కున మూసుకునేది. దాన్ని చూసుకుని తనే మురిసిపోయాడు.

మొదటి ఆట నాడు సంఘం పెద్దలు నలుగురు గుర్రాన్ని మైదానం మధ్యకి తోశారు. బాకా ఊదారు. తలుపు తెరుచుకోలేదు. కడుపులోంచి ధబధబమని బాదుడు. జట్టులో అందరికన్నా లావుపాటి లెరాయ్ లోపల్నుంచి అరుస్తున్నాడు. ఇరవయ్యేళ్ళుగా కారు తలుపులకు లోపలి హ్యాండిల్ తప్పనిసరి అని జూనియర్లకు పాఠాలు చెప్పిన జయరాజు గుర్రానికి మాత్రం లోపలి హ్యాండిల్ పెట్టడం మర్చిపోయాడు. ఆట ఆలస్యం చేసినందుకు రిఫరీ ట్రాయ్‌కి అయిదు గజాల శిక్ష వేశాడు. ఆట మొదలవకముందే వెనకబడిన జట్టుగా ట్రాయ్‌కి లీగంతా పేరొచ్చింది.

రెండో చోద్యం గ్యాలరీలో జరిగింది. ట్రాయ్ ఆట చూడడానికి వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది తెలుగు సంఘంవాళ్ళే. ఆ అరవై మందికీ ఆట తెలియదు. కాసేపటికి అవతలి జట్టువాడు బంతితో గీత దాటాడు. చారల చొక్కా రిఫరీ రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడ్డాడు. అంత భక్తిగా చేతులెత్తిన మనిషిని చూసి కూర్చోవడానికి మనసెవరికి ఒప్పుతుంది? దెబోరా ముందు లేచింది. వెనకే అరవై మందీ లేచి, చేతులెత్తి, "స్తోత్రం!" అని ఒక్క గొంతుతో అరిచారు. ప్రత్యర్థులు బిత్తరపోయి గ్యాలరీ వైపు చూశారు. వాళ్ళ సొంత ఊళ్ళో కూడా వాళ్ళకంత సంబరం ఎవరూ చేయలేదు.

ఆట అయ్యాక ఇమ్మాన్యుయేల్ తల పట్టుకున్నాడు. "ఆంటీ, అది వర్షిప్ కాదు! టచ్‌డౌన్ సిగ్నల్! వాళ్ళు స్కోర్ చేశారు ఆంటీ, మనం కాదు!"

"అయితే ఏంట్రా? ఎదటోడు చేతులెత్తితే మనం గుడ్లప్పగించి కూర్చుంటామా? వాళ్ళూ ఓ తల్లి కన్న బిడ్డలే గా" అంది దెబోరా.

తెలిశాక కూడా వాళ్ళు మానలేదు. జట్టు వరసగా ఏడు ఆటలు ఓడిపోయింది, ఏడు ఆటల్లోనూ స్తోత్రాలకు లోటు రాలేదు. వేరే ఊళ్ళవాళ్ళు ట్రాయ్‌తో ఆట ఎప్పుడా అని ఎదురుచూడసాగారు.

ఎనిమిదోది ఆఖరాట. ఫ్లింట్ ఊరి జట్టుతో. ఫ్లింట్ పధ్నాలుగు, ట్రాయ్ పదమూడు. గడియారంలో నాలుగు సెకన్లు. ఇమ్మాన్యుయేల్ బంతిని రెండు స్తంభాల మధ్యనుంచి తన్నితే గెలుపు. చాలా దూరం. వాడి కాళ్ళు వణకడం జయరాజుకు గ్యాలరీలోంచే కనబడింది. ఉన్నపళంగా కళ్ళు మూసుకుని మొక్కుకున్నాడు. "ప్రభువా, ఈ ఒక్కటీ దాటించు. కృతజ్ఞతా కూడిక పెట్టి ఈ ఇరవై ఆరుగురికీ నా చేత్తో బిర్యానీ వడ్డిస్తాను."

బంతి వెళ్ళి ఎడమ స్తంభాన్ని ఠంగున కొట్టింది, పైకి లేచింది, ఓ క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి లోపలివైపు పడింది. రిఫరీ చేతులెత్తాడు. ఆ సీజన్ మొత్తంలో ఆ ఒక్కసారే "స్తోత్రం" సరిగ్గా సొంత జట్టు గెలిచినప్పుడు పలికింది.

కూడిక రాబోయే శనివారం అనుకున్నాడు. బుధవారానికల్లా లీగ్ మూసేశారు. ఆటగాళ్ళు తలో దిక్కూ పోయారు. ఇమ్మాన్యుయేల్ దగ్గర నలుగురి నంబర్లే ఉన్నాయి, కొన్నాళ్ళకు వాడే ఉద్యోగం మీద వేరే రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్ళిపోయాడు. ఆ డబ్బేదో కానుక పెట్టెలో వేసెయ్యమని కొందరు సలహా చెప్పారు. ఇరవై ఆరుగురికని మొక్కి పెట్టెలో వేస్తే ఎలా చెల్లుతుందని జయరాజు. దానికి తోడు రాత్రిళ్ళు ఇంకో ఆలోచన. ఫ్లింట్ వాళ్ళలోనూ ఏ తల్లో మోకరించి ఉంటుంది కదా, నా మాట విని ఆమె మాట తోసేశాడా? అడగకూడనిదే అడిగానా?

ఈ ఏడు వసంతంలో ఓరోజు దెబోరా ఫోనులో టకటకా ఏదో కొట్టి గరాజ్‌లోకొచ్చింది.

"ఏవండీ, గుర్రాన్ని ఆన్‌లైన్‌లో పెట్టేశాను. ఫ్రీ. పట్టుకుపోయేవాళ్ళదే."

"నా మొక్కో?"

"మీ మొక్కు మీరు తీర్చుకోండి. నా కారు మాత్రం లోపలికి రావాలి."

సాయంత్రానికి పదకొండు ఫోన్లు. ఆ గుర్రాన్ని చూసి గుర్తుపట్టని ఆటగాడు లేడు. ఒకరినుంచి ఒకరికి పాకి డెట్రాయిట్ నుంచి ఒహాయో దాకా అందరికీ తెలిసింది, ప్రతివాడూ గుర్రం నాదే అన్నాడు. చివరికి కోచ్ నొవాక్ తనే ఫోన్ చేశాడు. ఆయనిప్పుడు ఓ బడిలో ఆట నేర్పుతున్నాడు. గుర్రాన్ని బడి మైదానంలో పెడతానని, వచ్చే శనివారం అందరూ వచ్చి తోసుకెళ్తారని చెప్పాడు.

"అందరూ అంటే?" అని అడిగాడు జయరాజు.

"ఇరవై ఆరుగురూ."

జయరాజు ఫోన్ పెట్టేసి కొయ్యగుర్రం మెడ కావలించుకున్నాడు. దెబోరా గుమ్మంలో నిలబడి చూసింది. "నన్నెప్పుడైనా అలా పట్టుకున్నారా?" అని, వెంటనే, "మటనా, చికెనా?" అంది.

శనివారం మధ్యాహ్నం వెనక పెరట్లో టెంటు వేశారు. ఇమ్మాన్యుయేల్ ముందు రోజే దిగి కీబోర్డు బిగించాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆటగాళ్ళకు పొట్టలు పెరిగాయి, జుట్టు తగ్గింది. వాళ్ళతోపాటు ఫ్లింట్ నుంచి ఓ ముసలామె కూడా వచ్చింది. పేరు లొరెట్టా. ఆ రోజు ఫ్లింట్ తరఫున ఆడిన మనవడు గుర్రం చూపిస్తానని తీసుకొచ్చాడట. ఆమె దెబోరా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నా మనవడు గీత దాటినప్పుడు లేచి చేతులెత్తింది నువ్వే కదూ? మావాళ్ళ కోసం అంతలా సంతోషించిన పరాయివాళ్ళని నేనెక్కడా చూడలేదు."

జయరాజు ఉండబట్టలేక అడిగేశాడు. "అమ్మా, ఆఖర్న మీరు మీ జట్టు కోసం ప్రార్థన చేసుకున్నారా?"

"చేశాను. మీ కిక్కర్ కోసం" అంది లొరెట్టా. "పిల్లవాడి కాళ్ళు వణుకుతున్నాయి. మీరు మావాళ్ళకి చేతులెత్తారు, మీవాడికి ఎవరో ఒకరు ఎత్తొద్దూ?"

జయరాజు ఎనిమిదేళ్ళు మోసిన సందేహాన్ని ఆవిడ పర్సు సర్దుకుంటూ తీసి అవతల పెట్టేసింది. ఇంకా కొంచెం మిగిలే ఉందేమో, దాన్ని రేపు ఆలోచించుకోవచ్చు.

తువ్వాలు భుజాన వేసుకుని వడ్డన మొదలెట్టాడు. గరిటె ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో పళ్ళేనికీ పైకే లెక్క. "ఇరవై మూడు... ఇరవై నాలుగు... ఇరవై అయిదు..." అక్కడ ఆగిపోయాడు. ఇరవై ఆరో పళ్ళెం పట్టుకుని నిలబడితే తీసుకునేవాడు లేడు.

"ఎవరు రాలేదు?"

"లెరాయ్" అన్నాడు నొవాక్. "కానీ వాడి ట్రక్ రోడ్డు మీదే ఉంది!"

అందరూ పెరడంతా వెతికారు. లెరాయ్ లేడు. ఒక్కడు తక్కువైనా మొక్కు మొక్కుగానే మిగిలిపోతుంది. ఎనిమిదేళ్ళు ఆగి, ఒక్క పళ్ళెం దగ్గర!

అప్పుడే ఇమ్మాన్యుయేల్ కీబోర్డు ఆపాడు. ఇంటి ముందు వైపునుంచి ధబ్ ధబ్‌మని బాదుడు వినబడింది.

ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ముప్పై మంది పరుగెత్తారు, ముందు జయరాజు, చేతిలో పళ్ళెంతో. డ్రైవ్‌వేలో నిలబెట్టిన గుర్రం అటూ ఇటూ ఊగుతోంది. గొళ్ళెం లాగి తలుపు తెరిచాడు. లోపల లెరాయ్ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని చెమటతో తడిసి ముద్దై ఉన్నాడు. అందరి మీదికీ దూకి భయపెడదామని అరగంట కింద దూరాడట.

"మిస్టర్ రాజూ, ఎనిమిదేళ్ళయింది! ఇంకా హ్యాండిల్ పెట్టలేదా?"

నవ్వు ఆ వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. కోచ్ నొవాక్ పచ్చికలో కూలబడి కడుపు పట్టుకున్నాడు. లొరెట్టా దెబోరా భుజం మీద వాలిపోయి కళ్ళు తుడుచుకుంది.

"ముందు తిను నాయనా" అన్నాడు జయరాజు తెలుగులోనే, గుర్రం కడుపులోకి వంగి రెండు చేతులతో పళ్ళెం అందిస్తూ. "ఇరవై ఆరు."

లెరాయ్ బయటికి రాకుండా అక్కడే కూర్చుని ఒక ముద్ద తిన్నాడు, ఆగాడు, మళ్ళీ తిన్నాడు. తర్వాత ఖాళీ పళ్ళెం తలుపులోంచి బయటికి చాచి, ఇంకొంచెం పెట్టమన్నాడు.