ఈ ఇంటి మాల్కిన్

లక్ష్మీకాంతరావు వకీలుకు పక్షవాతం వచ్చాక మర్యాద వచ్చింది. అంతకు ముందు లేదా అంటే, లేకేం, ఉంది. కచేరీలో జడ్జీల దగ్గర ఉంది, మెట్‌పల్లి బజారులో షావుకార్ల దగ్గర ఉంది, ఆఖరికి రిక్షావాడి దగ్గర కూడా ఉంది. ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పులతోపాటు దాన్ని కూడా బయటే విడిచి లోపలికి వచ్చేవాడు. భార్య లీలాబాయిని ఆయన పిలిచే పిలుపు ఒక్కటే: "ఏయ్." పెళ్లయిన కొత్తలో ఆమె ఆ పిలుపుకు ఉలిక్కిపడేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత తన పేరు అదేననుకుంది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన స్నానం చేసి వస్తూ దర్వాజ దగ్గరే కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకరపోయింది. కరీంనగర్‌లో దవాఖానలో ఉన్నన్నాళ్లూ నోట మాట లేదు. ఇంటికి తెచ్చాక ఒకనాడు లీలాబాయి గంజి గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వెళితే ఆయన ఆమె ముఖంలోకి చూసి, మెల్లగానే గానీ ముక్క పోకుండా, "ఆప్ కో బడీ జహ్‌మత్ హుయీ. తష్రీఫ్ రఖియే" అన్నాడు.

మాట వచ్చినందుకు సంతోషపడాలో, ఎవరితో అంటున్నాడో చూడాలో ఆమెకు తోచలేదు. వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

మెట్‌పల్లిలో ఉర్దూ బొత్తిగా రానివాళ్లు ఉండరు, పూర్తిగా వచ్చినవాళ్లూ అరుదే. లీలాబాయి పుట్టిల్లు ఇచ్చోడ. అక్కడ మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడి పెరిగి, ఇక్కడికొచ్చాక కూరగాయల బేరానికి సరిపడా ఉర్దూ నేర్చుకుంది. ఈ ఉర్దూ ఆ ఉర్దూ కాదు. అందుకే పక్కింటి బిస్మిల్లా బీని పిలుచుకొచ్చింది. బిస్మిల్లా బీ ఇల్లిల్లూ తిరిగి గాజులు తొడుగుతుంది. లీలాబాయి చేతి కొలత ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆమె చెంపకు చెయ్యి పెట్టుకుని వకీలు మాటలు కాసేపు విని తల ఊపింది.

"గిది మేం ఇంట్ల మాట్లాడే ఉర్దూ గాదక్కా, కచేరీ ఉర్దూ. నాకే సగం సమజైతుంది. మీకు చాన తక్లీఫ్ అయింది, కూసోండ్రి అంటుండ్రు."

"కూసో అన్నడా, కూసోండ్రి అన్నడా?"

"కూసోండ్రి. దానికంటె గూడ ఇంకో మెట్టు మీద. బేగంలకు అంటరు గట్ల."

ఆయనకు తెలుగు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. లీలాబాయి తెలుగులో ఏదైనా అడిగితే ఆయన ఆమె పెదాల వైపే చూసేవాడు. కొన్ని మాటలు అందేవి, కొన్ని అందేవి కావు. అందనప్పుడు "ముఆఫ్ కీజియే" అనేవాడు. అది మన్నించమనడమని బిస్మిల్లా బీ చెప్పింది. నీళ్లిస్తే షుక్రియా. దుప్పటి కప్పితే షుక్రియా. ఇల్లూడ్చే యాదవ్వ చాటున నవ్వుకునేది. దొరసానికి ఇన్నేళ్లకు రోజులొచ్చాయని చుట్టాలు హాస్యమాడేవాళ్లు.

లీలాబాయికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన మర్యాద పెరిగినకొద్దీ ఆమెకు భయం పెరిగింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, సొంతవాళ్లకు ఎవరైనా మర్యాద ఇస్తారా? మర్యాద పరాయివాళ్లకే. బతుకంతా ఏయ్ అన్న మనిషి ఇప్పుడు ఆప్ అంటున్నాడంటే, తనెవరో ఆయనకు తెలియడం లేదన్నమాట. తాను భార్యనని ఆయనకు యాదికున్నదా, లేదా? ఆమెకు కావలసింది అదొక్కటే. చెయ్యి రాకపోయినా సరే, కాలు రాకపోయినా సరే, అది తెలిస్తే చాలు.

కచేరీలో ఆయనతో పనిచేసి రిటైరైన హమీద్ సాబ్ వారానికోసారి వచ్చి కూర్చునేవాడు. ఇద్దరూ ఉర్దూలో ముచ్చట్లు పెట్టుకుని నవ్వుకునేవాళ్లు. ఆయన్ను అడిగితే చిటికెలో తేలిపోయేదే. కానీ నా మొగడు నన్ను పెండ్లాం అనుకుంటున్నాడో లేదో కనుక్కోమని పరాయి మగవాణ్ణి ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? మళ్లీ బిస్మిల్లా బీయే దిక్కయింది.

బిస్మిల్లా బీ కొంగు సర్దుకుని మంచం దగ్గర నిలబడి, లీలాబాయిని చూపిస్తూ, "వకీల్ సాబ్, యే కౌన్ హై?" అని అడిగింది. ఆయన లీలాబాయిని చాలాసేపు చూశాడు. ఇదీ అడగాల్సిన మాటేనా అన్నట్టు కనుబొమలు ముడిచాడు.

"ఆప్ ఇస్ ఘర్ కీ మాల్కిన్ హైఁ."

ఏమన్నాడని లీలాబాయి బిస్మిల్లా బీ చెయ్యి పట్టుకుని గుంజింది.

"ఈ ఇంటి మాల్కిన్ అంటుండ్రక్కా. మాల్కిన్ అంటే... ఇల్లెవరిదో ఆమె."

"పెండ్లామనా? ఇల్లు కిరాయికిచ్చినామెననా?"

"రెండు గూడ అయితయి. ఘర్‌వాలీ అని ఉంటే పెండ్లామే అని ఫికర్ లేకపోవు."

లీలాబాయికి ఆయన చెప్పే పాత ముచ్చటొకటి యాదికొచ్చింది. ఆయన చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో ఒక ఇంట్లో కిరాయికి ఉన్నాడు. ఆ ఇంటామె పెద్ద బేగం, పండుగనాడు పిలిచి అన్నం పెట్టేది. ఆ బేగం గురించి ఆయన చెప్పేటప్పుడు గొంతే మారిపోయేది. లోకంలో ఇంకే ఆడమనిషి గురించీ ఆయన అంత మర్యాదగా మాట్లాడగా లీలాబాయి వినలేదు. అయితే ఇప్పుడు ఆయన మెట్‌పల్లిలో ఉన్నాడా, ఆ బేగం ఇంట్లో ఉన్నాడా? రోజూ తన చేతి గంజి ఎవరి చేతిదనుకుని తాగుతున్నాడు?

ఈసారి కరీంనగర్ దవాఖానకు వెళ్లినప్పుడు అక్కడి డాక్టర్ దేవదాస్‌నే అడిగేసింది. ఆయన హైదరాబాద్‌లో నరాల చదువు చదివి వచ్చినవాడు. బల్ల మీది మట్టిరంగు మెదడు బొమ్మను దగ్గరికి జరిపి, సీతాఫలం విప్పినట్టు రెండు చెక్కలు చేశాడు. పైన బూడిదరంగు బెరడు, లోపలంతా తెలుపు. ఆ తెలుపంతా నరాల పోగులేనని చెప్పాడు. కొన్ని ఎడమ చెక్క నుంచి కుడి చెక్కకు పోతాయి. కొన్ని కిందికి దిగి, మెడ దగ్గర అటువి ఇటు, ఇటువి అటు దాటుకుని వెన్నులోకి పోతాయి. దెబ్బ ఎడమ చెక్కకు తగిలితే కుడి చెయ్యి పడిపోవడం అందుకే. తర్వాత చెవి వెనక నుంచి నొసటి వైపు వంకగా తిరిగిన ఒక కట్ట మీద వేలు పెట్టాడు. వినే జాగ నుంచి మాట్లాడే జాగకు అదే తొవ్వట. వకీలు సాబుకు అక్కడే నెత్తురు ఆగిందట.

"మరి తెలుగు ఆగిన తొవ్వల ఉర్దూ ఎట్ల నడుస్తుంది సారూ?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చిన్నప్పుడు నేర్చిన భాష నిలుస్తుందని ఒకరు రాశారు, ఎక్కువ వాడిన భాష నిలుస్తుందని ఇంకొకరు రాశారు. వకీలు సాబు చదువూ వాదనలూ ఉర్దూలోనే గడిచాయి కాబట్టి రెండోది కావచ్చు. రెండు భాషలకూ వేరువేరు పోగులున్నాయో, ఉన్నవాటినే పంచుకుంటాయో మాత్రం తనకు తెలియదన్నాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అయింది లీలాబాయి పని.

"మేక భేజా నేను ఎన్నిసార్లు కడిగిన, ఎన్నిసార్లు వండిన. మీది పొర తీస్తే మెత్తగ గడ్డపెరుగు తీరు ఉంటది. ఒక్క పోగు గూడ కండ్లవడలే."

ఆ పోగులు వెంట్రుక కంటే ఎంతో సన్నవని, అన్నీ ఒకచోట ఉంటే మెత్తగా, తెల్లగా ఒకటే ముద్దలాగా కనిపిస్తాయని చెప్పాడు డాక్టరు. ఆమె ఇక దాచుకోలేకపోయింది.

"నేను ఆయన పెండ్లాన్నన్న సోయి ఏ పోగుల ఉంటది సారూ? గది తెగిందా, ఉన్నదా?"

డాక్టరు బొమ్మలోంచి ఇంకో ముక్క ఊడదీసి, అడుగున చుట్టలా ముడుచుకున్న ఒక జాగ చూపించాడు. "యాది పెట్టుకునేటందుకు ఇది ముఖ్యం. దీనికేం కాలేదనే అనుకుంటున్న."

"అనుకుంటున్నరా?"

"అనుకుంటున్ననమ్మా. తల తెరిచి చూడలేం గద."

రోజూ తెలుగు మాట్లాడిస్తూ ఉండమని, మెల్లగా రావచ్చని చెప్పి పంపాడు. బస్సులో లీలాబాయి భర్త తలను తన భుజానికి ఆనించుకుంది. ఇంత బరువున్న తలలో తానెక్కడున్నదో, అసలు ఉన్నదో లేదో తెలియక దారంతా కళ్లొత్తుకుంది. ఆ తర్వాత ఇంటికి మేక తలకాయ వస్తే భేజా తీసి యాదవ్వకు ఇచ్చేసేది. దాన్ని చూస్తే చేతులాడేవి కావు.

అప్పటి నుంచి ఆమెకు రెండు పనులు. పొద్దున ఆయనకు తెలుగు నేర్పడం: ఇది చెంబు, ఇది గొళ్లెం, ఇది ఉప్పు. పగలు బిస్మిల్లా బీ దగ్గర ఉర్దూ నేర్చుకోవడం. ఆయన ఎటు నుంచి వచ్చినా ఎదురుపోవచ్చని ఆమె ఉపాయం. గ్లాసు అందిస్తూ "లీజియే" అనడం వచ్చింది. పిలిస్తే, సెలవివ్వండన్నట్టు, "ఫర్మాయియే" అనడం వచ్చింది. ఆయన గదిలోకి పోయే ముందు తల దువ్వుకోవడం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆయన అన్నం ముద్ద మింగి, ఆమె వైపు చూసి, "ఆప్ నే ఖానా ఖాయా?" అని అడిగాడు. దానికి బిస్మిల్లా బీ సాయం అక్కర్లేదు. మీరు తిన్నారా అని. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన ఆ మాట అడగలేదు. లీలాబాయి వంటింట్లోకి పోయి ఏడ్చింది. అడిగింది తననే అయితే ఎంత బాగుండు! ఆ బేగమును అయితే? తన ముఖమే చూస్తూ ఇంకొకామెను అడిగితే? తనకు తానే సవతి అయిపోయింది, ఏం విడ్డూరం!

బతుకమ్మ పండుగ నాటికి తెలుగు రావడం మొదలైంది. ముందు ఉప్పు వచ్చింది. తర్వాత చెంబు, దర్వాజ, యాదవ్వ. అది ఒక్కో మాటా వస్తుంటే ఉర్దూ ఒక్కో మాటా పోసాగింది. హమీద్ సాబ్ వచ్చి కూర్చుంటే వకీలు ఆయన ముఖంలోకి వెర్రిగా చూడసాగాడు. ఇట్లా కూడా అవుతుందని డాక్టరు అన్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున లీలాబాయి పొయ్యి ముందు ఉండగా వసారాలోంచి వినిపించింది.

"ఏయ్!"

ఆమె దిగ్గున లేచింది. చేతిలో గరిటె అట్లాగే ఉంది. తెలిసింది, ఆయనకు తను తెలిసింది! ఏయ్ అన్న పిలుపు లోకంలో తనకొక్కదానికే. పరుగున వెళ్లింది.

"ఏయ్, నీళ్లు తే."

తెచ్చింది. సంతోషంతో కళ్లు మసకబారాయి. గ్లాసు అందిస్తుంటే, అలవాటు కొద్దీ, "లీజియే" అన్నది.

"ఏం మాట్లాడుతున్నవే? సక్కగ మాట్లాడు."

ఆయన నీళ్లు తాగేదాకా ఆగింది. ఇప్పుడు మధ్యలో బిస్మిల్లా బీ అక్కర్లేదు. అందుకే తనే అడిగింది.

"తెలుగు రానప్పుడు మీరు ఈ ఇంటి మాల్కిన్ అన్నరు. నన్నేనా అన్నది?"

ఆయన నొసలు ముడిచి వెతుక్కున్నాడు. ఎంత వెతుక్కున్నా ఏమీ దొరకలేదు. "ఎప్పుడన్న?"

"ఎండకాలంల. ఆప్ అన్నరు. కూసోండ్రి అన్నరు."

"నిన్నా?" అని ఆయన నవ్వాడు. మూతి ఇంకా కొంచెం వంకరే.

లీలాబాయి ఖాళీ గ్లాసు తీసుకుని లోపల పెట్టింది. పొయ్యి మీది కూర దించింది. ఆయనకు తను తెలుసు, ఇక రంది లేదు. ఏ దేవుడికి మొక్కాలో ఆ దేవుడికి మనసులోనే మొక్కింది. మొక్కుతుంటే ఏడుపు ఎందుకు తన్నుకొస్తున్నదో ఆమెకు అర్థం కాలేదు. ఆర్నెల్లు తనను కూర్చోమని, తిన్నారా అని అడిగినవాడు ఎవరు? ఎవరిని అడిగాడు? చెప్పగలిగినవాడు ఇక లేడు. ఇంట్లో ఉన్నది లక్ష్మీకాంతరావు వకీలు.

చేతులు కడుక్కుని పక్కింటికి నడిచింది. బిస్మిల్లా బీ గాజులు రంగుల వారీగా దారాలకు గుచ్చుతున్నది. ఆమెను చూసి చాప మీద జాగ చేసి, "రా అక్కా, కూసో" అన్నది.

లీలాబాయి నిలబడే ఉంది.

"గట్ల గాదు బిస్మిల్లా. ఆయన అన్నట్టు అను. ఒక్కసారి."

బిస్మిల్లా బీ ఆమె ముఖం చూసింది. ఒడిలోని గాజులు పక్కన పెట్టి, లేచి నిలబడి, తన ఇంట్లో ఎన్నడూ ఎవరితోనూ అనని ఆ మాట మెల్లగా అన్నది.

"తష్రీఫ్ రఖియే."

లీలాబాయి కూర్చుంది.