గుర్రాలను మింగిన మోకు

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, ఎక్కడికీ పారిపోదు. మన తిరువూరులో, మొన్న మండు వేసవిలో, పట్టపగలు నలుగురు మనుషులు ఒక కారు వెనకాల నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయిన సంగతి ఇది. ఆ నలుగురిలో పెద్దవాడు నన్నే సాహెబు. దెబ్బంతా ఆయన గుండెకే తగిలింది గనక, ఆయన పక్కన నిలబడి వినండి.

డెబ్బై రెండేళ్ళ మనిషి. యాభై ఏళ్ళుగా కారు ఇంజన్లు విప్పి బిగించడమే పని. అంతకు ముందు, మీసాలు కూడా రాని వయసులో, లారీ మీద క్లీనరు. ఎ.కొండూరు చేలల్లో పత్తి బోరాలు కొండంత ఎత్తున వేసి, మోకు, అంటే లావాటి తాడు, ఎక్కించి, కింద గునపం దూర్చి మెలేసి బిగించాడంటే, గుంటూరు దాకా ఒక్క బోరెం కదిలేది కాదు. ఆ ముడి విప్పాలంటే మళ్ళీ ఆయనే రావాలి. ఈ మాట మర్చిపోకండి, ముందు పనుంది.

ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఎప్పుడూ కాదు, టీ గ్లాసు పట్టుకున్నప్పుడు. భార్య పీర్‌బీ ఏమీ అనలేదు గానీ, గ్లాసు సగమే నింపి ఇవ్వడం మొదలుపెట్టింది. సగం గ్లాసు ఎందుకిస్తోందో ఆయనకి తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు.

ఆయన ఒక్క మాట మాత్రం తన రిపేరు షెడ్డులో అందరి ముందూ అనేశాడు. తన చేతి కింద నుంచి లేచిన ఇంజను నీరసంగా ఉందని ఏ రోజు తేలుతుందో, ఆ రోజే పానాల పెట్టె మూసి తాళం కొడుకు చేతిలో పెడతానన్నాడు. అన్నాక మాటేగా.

కొడుకు యూసుఫ్ చదువుకున్న మెకానిక్కు. హైదరాబాదులో ఎవరో అమ్ముకుంటుంటే రోలర్ల మిషను ఒకటి కొనుక్కొచ్చి షెడ్డులో బిగించాడు. డైనో అంటారు దాన్ని. నేలలో చెరుకు గానుగ రోళ్ళలా రెండు ఇనప రోళ్ళుంటాయి. కారు వెనక చక్రాలు వాటి మీద ఎక్కించి, కారు ముందుకు దూకకుండా బెల్టులతో కట్టేసి, ఇంజను రంకె వేయిస్తే, కారు అక్కడే ఉంటుంది, రోళ్ళు తిరుగుతాయి. ఇన్ని గుర్రాల బలం ఉందని కంప్యూటరు చెబుతుంది. చేతితో చూసి, చెవితో విని చెప్పే రోజులు పోయాయి నాన్నా, ఇక కాయితమే చెబుతుందన్నాడు. పెద్దాయన ఊఁ అన్నాడు. లోపల మాత్రం ఆ మిషను తన చేతినే కొలవడానికి వచ్చినట్టు అనిపించింది.

సంక్రాంతి వెళ్ళాక దశరథరామయ్య గారి పాత అంబాసిడర్ షెడ్డుకొచ్చింది. వినగడపలో మిరప, పత్తి వేసే రైతు ఆయన. నన్నే సాహెబుతో నలభై ఏళ్ళ స్నేహం. పొగ కక్కుతున్న ఆ కారుని ముందు రోళ్ళ మీద ఎక్కిస్తే ముప్ఫై ఒక్క గుర్రాలన్నది కంప్యూటరు. ముసలి ఇంజను కదా, అంతే ఉంటుందన్నాడు యూసుఫ్. అప్పుడు పెద్దాయన ఇంజను దించి, బోరు పట్టించి, పిస్టన్లూ రింగులూ కొత్తవి వేసి, నెలన్నర పాటు తన చేత్తోనే బిగించాడు. కొడుకుని ఒక్క బోల్టు ముట్టుకోనివ్వలేదు. దశరథరామయ్య ఆ కారు మీద రెడ్డిగూడెం మామిడి తోటలకీ చుట్టాల ఊళ్ళకీ తిరిగి, ఇంజనులో కొత్త భాగాలు కుదురుకున్నాక, మే నెలలో మళ్ళీ కొలిపించడానికి తెచ్చాడు.

ఆ రోజు బెల్టుల్లో ఒకదాని బకిలు విరిగి ఉంది. కొత్తవి వచ్చేదాకా ఆగుదామన్నాడు యూసుఫ్. పెద్దాయన నవ్వాడు. గుంటూరు దాకా లారీలు కట్టినవాణ్ణి, ఒక్క కారు కట్టలేనా అని మూలనున్న మోకు తీశాడు. యూసుఫ్ గాజు గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఎలా కట్టాడో చూడలేదు.

దశరథరామయ్య స్టీరింగు ముందు కూర్చుని తొక్కితే ఇంజను రంకె వేసింది. రేకుల కప్పు గజగజలాడింది. ఆగాక యూసుఫ్ బయటికొచ్చాడు గానీ, చేతిలో కాయితం తండ్రికి ఇవ్వలేదు. దశరథరామయ్యే లాక్కుని చదివాడు.

ఇరవై ఎనిమిది.

నన్నే సాహెబుకి ముందు అర్థం కాలేదు. పొగ కక్కే ముసలి ఇంజనుకి ముప్ఫై ఒకటి. కొత్త పిస్టన్లు వేసి తన చేత్తో బిగించిన దానికి ఇరవై ఎనిమిదా? నెత్తిన ఎవరో కుండెడు చల్లనీళ్ళు గుమ్మరించినట్టయింది.

యూసుఫ్ ఒక్కొక్కటే వెతికాడు. ఎండకి గాలి పల్చబడుతుంది, పల్చటి గాలి పీల్చిన ఇంజను బలం తగ్గుతుంది. కానీ ఆ తేడా కంప్యూటరే కలుపుకుంటుంది. టైర్లలో గాలి చూశాడు, అప్పటంతే ఉంది. ముందు పెట్టిన పెద్ద ఫ్యాను అదే, గేరు అదే, పెట్రోలూ ఎప్పుడూ పోయించే బంకులోదే. ఇంజను చల్లారనిచ్చి మళ్ళీ చూద్దామన్నాడు.

ఈలోపు పెద్దాయనకి ఒక అనుమానం తట్టింది. కట్టు వదులై చక్రాలు రోళ్ళ మీద జారుతున్నాయేమో, ఆ జారుడులోనే బలం పోతోందేమో. వెనక్కెళ్ళి, మోకులో గునపం దూర్చి, పళ్ళు బిగపట్టి ఇంకో రెండు మెలికలు వేశాడు. మళ్ళీ రంకె. మళ్ళీ కాయితం.

ఇరవై ఆరు.

దశరథరామయ్యే ముందు తేరుకున్నాడు. "రెడ్డిగూడెం మెరక గేరు మార్చకుండా ఎక్కుతోంది సాహెబూ నా కారు. మీ మిషనే పొద్దున్నే వేసుకొచ్చినట్టుంది, ఊదించి చూడరాదూ" అన్నాడు.

ఇంకో రోజైతే నన్నే సాహెబు పగలబడి నవ్వేవాడు.

"మిషను తాగదు దశరథరామయ్య గారూ. మీరు నా మీద అభిమానంతో అంటున్నారు. నా చెయ్యి పోయింది."

అని పానాల పెట్టె దగ్గరికెళ్ళి ఒక్కొక్క పానా తుడిచి లోపల పెట్టాడు. మూత వేశాడు. తాళం వేశాడు. అప్పుడే పీర్‌బీ అన్నం క్యారేజీ పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టింది. ఆ తాళం చప్పుడు వినగానే ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. యాభై ఏళ్ళలో పగటిపూట ఆ పెట్టెకి తాళం పడగా ఆవిడ చూడలేదు. ఆయన తాళంచెవి యూసుఫ్ ముందు చాపాడు. యూసుఫ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ముందు కారు దించుదాం నాన్నా" అని మోకు దగ్గరికి పోయాడు, తన తడి కళ్ళు తండ్రికి కనబడకుండా ఉండడానికి.

ముడి రాలేదు. గోళ్ళతో గుంజాడు. స్క్రూడ్రైవరు దూర్చాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, ఇంజన్లు ఎత్తేవాడు, చెమటలు కారిపోతున్నాయి గానీ ముడి వెంట్రుకవాసి కదల్లేదు. దశరథరామయ్య పంచె ఎగగట్టి చెయ్యేశాడు. ఆయన వల్లా కాలేదు. చివరికి యూసుఫ్ కొడవలి తెచ్చి మోకు మీద వేశాడు.

ఠప్పుమని తెగింది. తెగిన కొస కొరడాలా రేకుల గోడని కొట్టింది. కారు వెనక భాగం ఒక్క ఉదుటున పైకి లేచింది. జానెడు ఎత్తు! దశరథరామయ్య వెనక్కి పడబోయి పాత టైరు మీద కూలబడ్డాడు. పీర్‌బీ చేతిలో క్యారేజీ జారి పప్పు నేలపాలైంది. ఎవరూ దాని వంక చూడలేదు. అందరి కళ్ళూ కారు మీదే. అప్పటిదాకా అది పొదిగే కోడిలా నేలకంటుకుని కూర్చుందనీ, చక్రాలు రోళ్ళలోకి సగం దిగబడి ఉన్నాయనీ, లేచాకగానీ ఎవరికీ తెలియలేదు.

యూసుఫ్ కొడవలి కింద పడేసి తల పట్టుకున్నాడు. అప్పుడు విప్పి చెప్పాడు. కట్టు అంత బిగిస్తే టైరు రోలుకి అదుముకుపోయి నలుగుతుంది. తిరగలి మీద మనిషిని కూర్చోబెట్టి విసరమన్నట్టు, చాలా బలం ఆ నలుగుడుకే పోతుంది. ఎండా గాలీ కంప్యూటరుకి తెలుస్తాయి గానీ, మోకు ఎవరు ఎంత బిగించారో దానికెలా తెలుస్తుంది? బిగించినకొద్దీ గుర్రాలు తగ్గాయి. తప్పంతా తనది, కట్టు చూసుకోకుండా మిషను ముందు కూర్చున్నానన్నాడు.

పీర్‌బీ వంగి తెగిన మోకు అందుకుంది. ముడి ఇంకా రాయిలా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భర్త ముందు పట్టింది.

"ఇది వేసింది పోయిన చెయ్యేనా?"

నన్నే సాహెబు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు. అయినా ఆ రోజు పెట్టె తెరవలేదు. ఇంత పెద్ద మాట అన్నవాణ్ణి, కాయితం రాకుండా వెనక్కి తీసుకోనన్నాడు.

మూడో రోజు బెల్టులొచ్చాయి. జనవరిలో ఎంత బిగించారో అంతే బిగించాడు యూసుఫ్, చేత్తో నొక్కి చూసి మరీ. తండ్రిని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. ఆయన గుమ్మం బయట ఎండలో నిలబడ్డాడు. రంకె ఆగింది. ఎంతసేపటికీ పిలుపు రాకపోయేసరికి ఆయన గుమ్మంలోకి ఒక అడుగు వేశాడు. తొంగి చూస్తే యూసుఫ్, దశరథరామయ్య ఇద్దరూ కంప్యూటరు ముందు బొమ్మల్లా నిలబడి ఉన్నారు. వాళ్ళూ ఇంత అనుకోలేదట.

ముప్ఫై ఏడు.

ఆయన అంకె ఇంకోసారి చదివించుకున్నాడు. మొల్లోంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, ఒక పానా చేత్తో పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. "ఇంక తాడు మాత్రం నా చేతికివ్వకురా" అన్నాడు కొడుకుతో.

ఆ సాయంత్రం పీర్‌బీ టీ గ్లాసు అంచుదాకా నింపి ఇచ్చింది. చెయ్యి వణికింది, కాస్త ఒలికింది. ఆయన తుడుచుకోలేదు. ఆవిడ ఇంకో గ్లాసు పోసింది.

ఆ ముడి ఇప్పటికీ పానాల పెట్టె పక్క మేకుకి వేలాడుతోంది. ఎవరూ విప్పలేదు. నాయనలారా, రేపెవరైనా ఒక కాయితం చూపించి, నీ బలం ఇంతేనని మీలో ఎవరికైనా చెబితే, కుంగిపోకండి. కట్టు ఎవరు కట్టారో, ఎంత బిగించారో ముందు వెనక్కెళ్ళి చూడండి. ఈ సంగతి గుర్తుంచుకోండి. మీ పిల్లలకి చెప్పేటప్పుడు పప్పు ఒలికిపోయిన ముక్క కూడా వదలకుండా చెప్పండి.